అక్కకు పంపిన స్వెట్టర్లు

ఈ పుష్యమాసంలో ఒక ఉదయం పొట్టంగి నుంచి ఫోన్ వచ్చింది. సాలూరు దాటి ఘాటీ ఎక్కితే కొండల మీద, ఒడిశా వైపు ఉండే ఊరది. మా అక్క సుగుణ కాపురానికి వెళ్ళిన ఊరు. మాట్లాడింది అక్క మరిది కొడుకు. "పిన్నిగారూ, పెద్దమ్మకి దగ్గు తగ్గడం లేదండి. ఈ యేడు మంచు మరీ ఎక్కువగా ఉన్నాది. మీ విజయనగరంలో పెద్ద షాపులుంటాయి కదా, ఏవైనా వెచ్చటి బట్టలు చూసి పంపుతారా?" అన్నాడు. మంచి కుర్రాడే, ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ పంపడం అన్న మాట నాకు గుచ్చుకుంది. పంపడం కాదు, నేనే వస్తానని చెప్పాను. ఈసారి అక్కను నాతో తెచ్చేసుకోవాలని ఆ క్షణంలోనే అనుకున్నాను. మా అబ్బాయితో, కోడలితో మాట్లాడితే ఇద్దరూ సరేనన్నారు. వెనక గది ఖాళీ చేయించి, కిటికీకి తెర కట్టించి, మంచం వేయించాను.

మర్నాడు బట్టల షాపుకి వెళ్ళాను. రెండో అంతస్తులో చలి బట్టలన్నీ ఒక మూల వేలాడదీసి ఉన్నాయి. అక్కడున్న అమ్మాయి చురుకైనది. "ఎవరికి మేడం? ఏ ఊరెల్తన్నారు, సిమ్లాయా?" అని అడిగింది. పొట్టంగి అన్నాను. "అదెక్కడుంటాది మేడం?" అంది. సాలూరు పైన అని చెబితే నవ్వేసింది. "అంత దగ్గరికి ఇన్నెందుకు మేడం, ఒక్క స్వెట్టరు సాలు" అంది. అయినా ఓపిగ్గా అన్నీ తీసి చూపించింది. ఒంటికి అంటుకుని ఉండే థర్మల్ లోపలికట, దాని మీద మెత్తటి ఫ్లీసు, పైన గాలి చొరకుండా జిప్పున్న కోటు. అరచేతిలో పట్టేంతగా మడతపడే కోటు, దూదిపింజంత బరువు. నేను ఆ ఫ్లీసును మణికట్టు లోపలి వైపు రాసి చూశాను. ఆ అమ్మాయికి నేను చేస్తున్నదేమిటో అర్థం కాలేదు. ఉన్ని మంచిదో కాదో చేతివేళ్ళకు తెలియదని, మణికట్టు లోపలి చర్మానికే తెలుస్తుందని మా నాన్న అనేవారు. ఆ చేత్తో ఆ బట్ట పట్టుకుని నిలబడిపోయాను. ఏది ఎంచాలో తోచలేదు. ఎంచడం మా ఇంట్లో అందరికీ వచ్చు. అక్కకు వెచ్చటి బట్టలు ఎంచడంలోనే మా ఇంటిల్లిపాదికీ ఏళ్ళు గడిచిపోయాయి.

సాలూరు బజారులో మాది బట్టల కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. కార్తీకం వెళ్ళేసరికి కొండల మీంచి మంచు దిగి బజారంతా పరుచుకునేది. పొద్దెక్కినా ఎదురుకొట్టు బోర్డు కనిపించేది కాదు. ఘాటీ ఎక్కబోయే లారీలు వరసగా ఆగి ఉండేవి. క్లీనర్లు పాత టైరు ముక్కలు అంటించి చేతులు కాచుకునేవాళ్ళు. ఆ టైరు కాలిన కంపూ, మా కొట్లో పెట్టెలు తెరవగానే గుప్పుమనే కలరా ఉండల వాసనా, వెనక వంటింట్లోంచి వచ్చే ఉలవచారు వాసనా కలిసిపోయి, నాకు చలికాలం అంటే ఇప్పటికీ అదే. పైకి వెళ్ళే డ్రైవర్లందరూ మా కొట్లో ఆగి మఫ్లర్లు, మంకీ క్యాపులు, రగ్గులు కొనుక్కునేవారు. నాన్న అమ్మేవారు కాదు, బట్ట తొడిగి పంపేవారు. "ముందు లోన కాటన్ బనీను ఉండాల. ఉన్ని ఒంటికి తగలరాదు. ఉన్ని బిగుతుగా ఉన్నా పని సెయ్యదు, మజ్జిన కాస్త గాలి నిలవాల. ఆ గాలే నిన్ను కాస్తాది. పైన మందపాటి కోటు. సెవులు, గుండె, పాదాలు ఈ మూడూ సూసుకో, మిగతా ఒళ్ళు అదే సూసుకుంటాది" అని ప్రతి ఒక్కరికీ చెప్పేవారు. వెలుతురుకి ఎత్తిపట్టి, అల్లికలో సందులు చూసి, ఇది పొట్టంగి దాకా పనికొస్తుంది, ఇది కోరాపుట్ చలికి ఆగదు అని వేరుచేసేవారు.

మా అక్కకు మాత్రం ఇవేవీ పట్టేవి కావు. ధనుర్మాసంలో తెల్లారగట్ల చన్నీళ్ళు పోసుకుని, తడిజుట్టు విరబోసుకుని వాకిట్లో ముగ్గు పెట్టేది. నానమ్మ కుంపటి దగ్గరకు రమ్మంటే వచ్చేది కాదు. "సలేటే నీకు, ముసల్దానివైపోనావు" అని నానమ్మనే ఆటపట్టించేది. పెద్ద గొంతు, పెద్ద నవ్వు. కొట్లో ఎవరూ లేనప్పుడు గల్లా దగ్గర కూర్చుని నాన్నలా గొంతు మార్చి, "సెవులు, గుండె, పాదాలు" అంటూ నాకు మంకీ క్యాపు తొడిగేది. ఇద్దరం పడీపడీ నవ్వేవాళ్ళం.

అక్కకు పొట్టంగి సంబంధం కుదిరింది. వాళ్ళదీ మాలాగే వర్తక కుటుంబం. చింతపండు, చోళ్ళు, వలిసెలు వంటి కొండ పంటలు కొని కిందికి పంపేవారు. మర్యాదస్తులని, అబ్బాయి నెమ్మదస్తుడని అందరూ అన్నారు. అప్పగింతల నాడు నాన్న కొట్టంతా వెతికి ఒక సీసాకుపచ్చ రంగు స్వెట్టరు తీశారు. పొడుగు చేతులు, మెడదాకా బొత్తాలు. "అది మన ఊరిలాంటిది కాదమ్మా, అక్కడ సలి ఎముకల్లోకి పోతాది" అని ఆయనే అక్క భుజాల మీద కప్పారు. అక్కకు నవ్వొచ్చింది. మేలో పెళ్ళి, ఒళ్ళంతా చెమట.

మొదటి చలికాలం నుంచే కబుర్లు మొదలయ్యాయి. కబురు తెచ్చేవాడు అప్పన్న మావ. మా కొట్టు సరుకు మోసే లారీ డ్రైవరు, ఉప్పు మూటలు దింపడానికి అక్క అత్తవారి కొట్టుకి నెలనెలా వెళ్ళేవాడు. ఉత్తరాలు అక్క మావగారి చేతిమీదుగానే పోవాలి కాబట్టి అక్క రాసేది కాదు. అప్పన్న మావ మూటలు దింపుతుంటే అక్క గుమ్మంలోకి వచ్చి, అందరూ వింటుండగానే మాట చెప్పి పంపేది. "సెట్టిబాబూ, పాపకి సలేస్తన్నాదట. మీకు సెప్పమన్నాది" అన్నాడు అతను. అమ్మ ఆశ్చర్యపోయింది. "సుగుణకి సలేటి!" అంది. నాన్న మాత్రం వెంటనే లేచి పెట్టె తెరిచారు. ఒక శాలువా ఎంచారు, మణికట్టుకి రాసి చూసి, మడిచి, కాగితంలో చుట్టి అప్పన్న మావకి ఇచ్చారు.

అప్పట్నించి మా ఇంటి చలికాలం అంటే అక్కకు బట్టలు సిద్ధం చెయ్యడమే. అమ్మ రవికెలకు లోపల ఫ్లానల్ గుడ్డ వేసి కుట్టేది. నానమ్మ పాత చీరలు పొరలు పొరలుగా పరిచి బొంత కుట్టేది. మధ్యాహ్నం ఎండపొడలో కూర్చుని, కళ్ళద్దాలు ముక్కు చివర పెట్టుకుని, ఒక్కో కుట్టుకీ ఒక్కో మాట గొణుక్కుంటూ కుట్టేది. "ఇది మీ అమ్మ సీమంతం సీర. ఇది నువ్వు పుట్టినప్పటిది" అని నాకు చూపించేది. నాన్న విజయనగరం వెళ్ళి, పంజాబు నుంచి వచ్చిన సరుకులోంచి ఒంటి రంగుకి నప్పేవి, దురద పెట్టనివి వెతికి తెచ్చేవారు. సాక్సులు, చేతులకు తొడుగులు, మెత్తటి రగ్గు. పార్సెల్ లారీ ఎక్కగానే అందరికీ మనసు కుదుటపడేది. మరుసటి నెల అప్పన్న మావ వచ్చేవాడు. "అందినాయట బాబూ. గానీ సలి తగ్గనేదని సెప్పమన్నాది."

ఒకసారి వైశాఖంలో వచ్చాడు. సాలూరులో రోడ్డు మీద తారు కరుగుతోంది. కొట్లో నాన్న తడిగుడ్డ మెడ మీద వేసుకుని కూర్చున్నారు. అప్పన్న మావ మూటలు చూసుకుని, మంచినీళ్ళు తాగి, తల దించుకుని, "పాపకి సలేస్తన్నాదట బాబూ" అన్నాడు. లోపల గుమ్మం దగ్గర అమ్మ చేతిలో చేట అలాగే ఆగిపోయింది. నాన్న మెడ మీది తడిగుడ్డతో ముఖం తుడుచుకున్నారు. తర్వాత, "కొండ మీద ఊరు కదా. అక్కడ యేసవిలోనూ సల్లగానే ఉంటాది" అన్నారు. "పిల్ల సిక్కిపోనాది బాబూ" అన్నాడు అప్పన్న మావ. "సలికి అలగే అవుతాది" అన్నారు నాన్న. అంత ఎండలోనూ పెట్టె తెరిచారు. కలరా ఉండల వాసన వేసవి గాలిలో కొట్టంతా కమ్మింది.

పరాయి ఇంట్లో, అత్తమామలు వింటుండగా, ఒక కోడలు నోరు విప్పి చెప్పుకోగల కష్టం ఏముంటుంది? కూడు బాగోలేదనకూడదు, మనుషులు బాగోలేరనకూడదు. చలిగా ఉందని మాత్రం అనొచ్చు. ఎవరికీ కోపం రాదు. ఇది నాకు చాలా ఏళ్ళకు తెలిసింది. అమ్మకు ఆ వైశాఖంలోనే తెలిసిందనుకుంటాను. అమ్మ రోజూ పోరగా పోరగా, ఆ తర్వాతి పుష్యమాసంలో నాన్న నన్ను వెంటబెట్టుకుని అప్పన్న మావ లారీలో పొట్టంగి బయలుదేరారు.

ఘాటీ అంతా మంచు. లారీ దీపాలు వేసుకుని నడకలా పాకింది. మేము వెళ్ళేసరికి అక్క అత్తగారు కొట్టు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఒంటి మీద సీసాకుపచ్చ స్వెట్టరు. మెడదాకా బొత్తాలు పెట్టుకున్నారు. అక్క ఆడపడుచు నాన్న ఎంచిన శాలువా కప్పుకుని ఉంది. లోపల మావగారి మంచం మీద నానమ్మ కుట్టిన బొంత పరిచి ఉంది. నాన్న తన సరుకును దూరం నుంచే పోల్చగలరు. అయినా చేతులు జోడించి, "స్వెట్టరు మీకు బాగా నప్పింది వదినగారూ" అన్నారు. ఆవిడ ఏమీ దాచుకోలేదు. "మా కోడలిదే అన్నయ్యగారూ. దానికి పనితో ఒళ్ళు వేడెక్కిపోతాది. కూకున్నోళ్ళకే కదా సలి" అన్నారు.

అక్క పెరట్లో బావి దగ్గర ఇత్తడి బిందెలు తోముతోంది. ఒంటి మీద నూలుచీర ఒక్కటే. చేతులు పగిలి, గీతల్లో నల్లగా చింతపండు పులుసు మరక ఇంకి ఉంది. నన్ను చూసి లేచింది కానీ ఆ పాత నవ్వు రాలేదు. "ఒసే రాజీ, ఇంత మంచులో ఎందుకొచ్చావే" అంది. తను పడుకునే చోటు చూపించింది. చింతపండు బుట్టలు పెట్టే రేకుల గది. గోనెసంచుల మీద చాప. పైన రేకుకు మంచు పట్టి చుక్కచుక్కగా కిందికి కారుతోంది. బావ పడుకునే గది వేరు.

"బావ ఏమీ అనరా?" అని అడిగాను.

"ఏటీ అనరు. నాతో మాట్లాడరు."

"ఎప్పట్నించి?"

"కొత్తలో ఏదో మాట్లాడేవారు. తరవాత మానేశారు" అంది, ఎవరి సంగతో చెప్తున్నట్టు.

కారణం మాకు ఎప్పటికీ తెలియలేదు. పెళ్ళిచూపుల్లో చూపించింది వేరే పిల్ల అని ఆయన అనుకున్నాడని కొందరన్నారు. ఆయనకు పెళ్ళే ఇష్టం లేదని కొందరన్నారు. తిట్టలేదు, కొట్టలేదు. భోజనాల దగ్గర నాన్నను ఎంతో మర్యాదగా, "ప్రయాణం సుకంగా జరిగిందా మావయ్యా" అని అడిగాడు. అక్క ఎదురుగా గిన్నె పట్టుకుని నిలబడే ఉంది. ఆయన తల తిప్పి, "అమ్మా, మంచినీళ్ళు పొయ్యమను" అన్నాడు. అక్క పోసింది. నాన్న విస్తట్లో అన్నం అలాగే కలుపుతూ ఉండిపోయారు.

బయలుదేరేముందు అక్క పెరటి తలుపు దగ్గర నాన్న చెయ్యి పట్టుకుంది. "నాన్నా, నేనూ నీతో వచ్చెస్తాను" అంది. ఏడవలేదు. బట్టలు కూడా తెచ్చుకోనక్కర్లేదన్నట్టు అలా నిలబడి ఉంది. నాన్న దాని ముఖం వైపు చూడలేదు. తన భుజం మీది కంబళి శాలువా తీసి అక్కకు చుట్టి, చెవుల మీదుగా కప్పి, గుండె దగ్గర ముడేశారు. "సలి తగ్గనీ అమ్మా. ఎండలొచ్చాక తీసుకెల్తాను" అన్నారు. అక్క ఇంకేమీ అడగలేదు. ఘాటీ దిగుతున్నంతసేపూ నాన్న పళ్ళు కటకటలాడుతూనే ఉన్నాయి. అప్పన్న మావ తన రగ్గు ఇవ్వబోతే వద్దన్నారు.

ఇంటికొచ్చాక నానమ్మ వదల్లేదు. "పిల్లని తెచ్చీలేకపోనావురా?" అంది.

"తెచ్చి ఏటి సెప్పాలి ఊళ్ళో? మరి దీని పెళ్ళవ్వాలా వద్దా?" అని నాన్న నన్ను చూపించారు. నేను స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నాను. నా గురించి ఆ ఇంట్లో అంత పెద్ద మాట అంతకుముందెప్పుడూ ఎవరూ అనలేదు. అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాన్న మెల్లగా కొట్లోకి వెళ్ళి గల్లా దగ్గర కూర్చున్నారు. కాసేపటికి ఆయనకో ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన వచ్చినప్పుడు ఆయన ముఖంలో వెలుగు చూశాను, అందుకే మర్చిపోలేను. "ఈసారి ఆళ్ళందరికీ పంపేద్దాం" అన్నారు. "అత్తగారికొకటి, మావగారికొకటి, ఆడపడుచుకి, మరిదికి, అల్లుడికి. అందరికీ ఉంటే దానిది దానికే ఉంటాది కదా."

నాన్న అంత శ్రద్ధగా బట్టలు ఎంచడం నేను మరెప్పుడూ చూడలేదు. ఆవిడ కాస్త భారీ మనిషని వదులుగా ఉండేది, మావగారికి మోకాళ్ళ నొప్పులని కాళ్ళకు ఉన్ని పట్టీలు, బావకు ముదురు నీలం కోటు. ఎవరి కొలత ఎంతో ఒక్క చూపులో పట్టేసి వచ్చారాయన. నా చేత ఒక్కొక్కటీ మడతపెట్టించారు. పెద్ద మూట లారీ ఎక్కింది. తర్వాత నెల అప్పన్న మావ వచ్చి మూటలు దింపాడు. నాన్న ఆగలేక తనే అడిగారు. "ఏటందిరా మా అమ్మాయి?"

"ఏటీ అన్నేదు బాబూ. గుమ్మంలోకి కూడా రానేదు."

"మరి సలని సెప్పమన్లేదా?"

"నేదు బాబూ."

"సరిపోయాయన్నమాట" అన్నారు నాన్న. అమ్మ వైపు తిరిగి, "సూసేవా, సరిపోయాయి" అన్నారు. అమ్మ ఆయన్నే చూస్తూ నిలబడింది. ఆ తర్వాత అక్క దగ్గర్నుంచి కబురు రావడం ఆగిపోయింది. ఎండలు వచ్చాయి. తీసుకొస్తానన్న మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నా పెళ్ళి బాగా జరిగింది. అక్కా బావా వచ్చారు. నాన్న పోయినప్పుడూ, అమ్మ పోయినప్పుడూ వచ్చి, కార్యం అవగానే బావ వెనకాలే వెళ్ళిపోయింది. నాలుగడుగుల దూరంలో నడిచేది. వాళ్ళకు పిల్లలు లేరు. బావ పోయి కూడా చాలా ఏళ్ళయింది. పోయేముందైనా తనతో ఒక మాట మాట్లాడాడా అని అక్కను అడగడానికి నాకు నోరు రాలేదు. బావ పోయాక మా ఇంటికి రమ్మంటే, "సూద్దాంలే" అంది. ఆ తర్వాత ఎప్పుడు పిలిచినా అదే మాట.

ఇప్పుడు రోజులు అలా లేవు. మా వీధి చివరింటి అమ్మాయి, పెళ్ళైన ఏడాదికి, హైదరాబాదు నుంచి ఒక బ్యాగు పట్టుకుని వచ్చేసింది. "అక్కడ నాకు నచ్చలేదు ఆంటీ" అని నాతోనే చెప్పింది. వాళ్ళ నాన్న స్టేషనుకి వెళ్ళి తీసుకొచ్చాడు. ఇప్పుడా పిల్ల ఉద్యోగం చేసుకుంటోంది. వీధిలో నాలుగు రోజులు మాట్లాడుకుని ఊరుకున్నారు. ఆ నాలుగు రోజుల మాటలకే కదా మా నాన్న భయపడ్డారు అనిపిస్తుంది. ఆ అమ్మాయిని చూసినప్పుడల్లా సంతోషించాలి. సంతోషం రాదు. లెక్క వేసుకుంటే మా అక్క పుట్టిన కాలం తప్పు తప్ప మరేం కనిపించదు, కాలాన్ని ఎవరూ తిరగెయ్యలేరు.

షాపులో చివరికి ఆ అమ్మాయి చూపించినవన్నీ కొన్నాను. కారు మాట్లాడుకుని పొట్టంగి వెళ్ళాను. ఆ పాత ఇల్లు పడగొట్టి డాబా కట్టారు. అక్కకు ఒక గది ఉంది, మంచం ఉంది, వేణ్ణీళ్ళ కుళాయి ఉంది. మరిది కొడుకూ అతని భార్యా బాగానే చూస్తున్నారు. అక్క ఇంటి ముందు మెట్టు మీద ఎండలో కూర్చుని ఉంది. చిన్నదైపోయింది. దగ్గు వచ్చినప్పుడల్లా గోడ పట్టుకుంటోంది. లోపలికి తీసుకెళ్ళి నేనే తొడిగాను. ముందు థర్మల్, తర్వాత ఫ్లీసు, పైన కోటు. చేతులు ఎత్తమంటే ఎత్తింది. "ఇంత తేలిగ్గా ఉన్నాయేటే" అంది. మళ్ళీ వచ్చి ఎండలో కూర్చున్నాం.

"అక్కా, నాతో వచ్చెయ్. గది సిద్ధం చేశాను. మా వాళ్ళందరూ రమ్మన్నారు. నిజంగానే రమ్మన్నారు" అన్నాను. నాకు తెలియకుండానే దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

అక్క కాసేపు రోడ్డు వైపు చూసింది. "ఎక్కడికే?" అంది.

"మా ఇంటికి."

"మీ ఇంటికొచ్చి ఏటి సేస్తాను?"

"ఏం చెయ్యక్కర్లేదు. ఉండు, చాలు."

"ఉండడానికి ఇక్కడ ఉన్నాను కదే" అంది. మాటలో కోపం లేదు. "నేను వచ్చెయ్యాలనుకున్నది మన ఇంటికి. అమ్మ, నాన్న, నానమ్మ, కొట్టు, నువ్వు. సాలా ఏళ్ళు రోజూ అనుకునేదాన్ని. బస్సు దిగి ఎలాగెల్లాలి, గుమ్మంలో ముందు ఎవరుంటారు, అమ్మ ఏటంటాది అని. ఇప్పుడా ఇల్లు లేదు, ఆ మనుషుల్లేరు. నువ్వు ఒక్కదానివే ఉన్నావు, నీకేమో నీ ఇల్లున్నాది. ఇంక నేనెక్కడికి వస్తానే?"

నేను చాలా చెప్పాను. డాక్టర్లున్నారన్నాను, ఒక్క నెల ఉండి చూడమన్నాను, ఏడ్చాను కూడా. అక్క వింటూ నా వీపు నిమిరింది. అన్నీ అయ్యాక, "భోజనం సేసి బయల్దేరు. సాయంకాలమైతే ఘాటీలో మంచు పట్టేస్తాది" అంది. మరిది కోడలు వచ్చి భోజనానికి పిలిచింది. నాకు తినబుద్ధి కాలేదు. అక్క పక్కనే కూర్చుండిపోయాను. ఎండ మెల్లగా మెట్టు అంచుకి జరిగింది. దానితోపాటే అక్కా కొంచెం కొంచెం జరిగింది, నేనూ జరిగాను. మెట్టు మీద ఎండ లేకుండా పోయాక అక్క గోడ పట్టుకుని లేచి, నా వైపు చూడకుండా, "జాగర్తగా ఎల్లు" అని లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.